పోయిందా, అందిందా?

గత నెల ‘వచ్చు’, ‘తెచ్చు’ అనే రెండు క్రియలు చూశాం. ఈ నెల మూడు: పంపు, పోవు, అందు. వీటిని పుస్తకంలోంచి తీయను. మీ చేతిలోని ఫోన్‌లోంచి తీస్తాను. మారిషస్ నుంచి, డర్బన్ నుంచి, ఫిజీ నుంచి మీరు రాసే ఉత్తరాల్లో ఒక ప్రశ్న పదే పదే కనిపిస్తోంది: “టీచర్, తెలుగులో మెసేజ్ టైపు చేస్తాను, కానీ వెళ్ళదు. పక్కన ఎర్ర గుర్తు వస్తుంది. ఏం చేయాలి?” దీనికి జవాబు చెప్పాలంటే ముందు ఈ మూడు క్రియలు రావాలి.

‘పంపు’ అనేది మనం చేసే పని. నేను పంపాను, నువ్వు పంపావు. ‘పోవు’ మెసేజ్ చేసే పని. మెసేజ్ పోయింది. ‘అందు’ అంటే అవతలివారి చేతికి రావడం. మెసేజ్ అమ్మకు అందింది. మనం పంపినా అది పోకపోవచ్చు. పోయినా అందకపోవచ్చు. ఫోన్ మనకు ‘సెంట్’ అని చూపించేది రెండోదాని గురించి మాత్రమే. చాలామంది దాన్ని మూడోదనుకుంటారు.

ఇక్కడ తెలుగులో ఒక చిక్కు కూడా ఉంది. ‘పోయింది’ అంటే వెళ్ళింది. ‘పోయింది’ అంటే కనిపించకుండా పోయింది కూడా: నా ఉంగరం పోయింది. ఇంకో అర్థం కూడా ఉంది: తాతగారు పోయారు అంటే చనిపోయారు. అందుకే మా మందిరంలో మాకు తెలుగు నేర్పిన మాస్టారు మనుషుల విషయంలో ‘పోయారు’ అనవద్దు, ‘వెళ్ళారు’ అనమనేవారు. ఫ్లాక్ జిల్లాలో, సాయంత్రం బడిలో, చెరకు తోట పక్కన కూర్చుని నేర్చుకున్న ఆ నియమాన్ని పట్టుకుని నేను దోహా వచ్చాను. ఇక్కడ తెలంగాణ వాళ్ళు రోజూ “ఆయన ఇంటికి పోయిండు” అంటుంటే మొదట్లో గుండె జారేది. వాళ్ళకు ‘పోయిండు’ అంటే ఉత్త వెళ్ళడమే. మెసేజ్ మాత్రం ఏ ప్రాంతంలోనైనా పోతుంది, లేదా పోదు.

నేను ఇక్కడ ఒక బడిలో ఫ్రెంచి చెబుతాను. మా బడి బస్సులో పిల్లలను ఎక్కించి దించే సహాయకుడు ఒకాయన ఉన్నారు. ఊరు జగిత్యాల దగ్గర. నా తెలుగు విని “పుస్తకం మాట్లాడినట్టు ఉంటది మేడం” అని నవ్వుతారు. ఈ మధ్య ఒక గురువారం మధ్యాహ్నం, బస్సులు బయలుదేరకముందు, ఫోన్ పట్టుకుని వచ్చారు.

“మేడం, మెసేజ్ పోతలేదు. మూడు దినాలాయె.”

(‘పోతలేదు’ అంటే ‘పోవడం లేదు’. తెలంగాణలో ఇలా కుదించి అంటారు. గుర్తు పెట్టుకోండి, సినిమాల్లో కూడా వింటారు.)

విషయం ఇది. ఆయన తల్లికి సోమవారం కరీంనగర్‌లో కంటి ఆపరేషన్. కొడుకు డబ్బు పంపాడని, వెళ్ళమన్నాడని తెలిస్తే తప్ప ఆమె వెళ్ళనంది. ఫోన్ చేసి చెప్పవచ్చు కదా అన్నాను. “అమ్మకు చెవులు ఇనపడయి మేడం. ఫోన్ల ఉత్తగ హలో హలో అంటది. మెసేజ్ పంపితే మా అక్క బిడ్డ సదివి చెప్తది.” తల్లిది బొత్తాల ఫోన్. దానిలో ఇంటర్నెట్ లేదు కాబట్టి వాట్సాప్ లేదు. బావ దగ్గర పెద్ద ఫోన్ ఉంది, కానీ ఆయన లారీ మీద వారమంతా తిరుగుతారు, శనివారం ఇంటికొస్తారు. డబ్బు సంగతి ఊళ్ళో ఇంకొకరి నోటితో చెప్పించడం కొడుక్కి ఇష్టం లేదు. కాబట్టి మిగిలింది పాతకాలపు మామూలు మెసేజ్. మీలో కొందరు దాన్ని ఎవరూ వాడరని అనుకుంటారు. బొత్తాల ఫోన్ ఉన్న తల్లికి అదొక్కటే దారి. బ్యాంకు పంపే రహస్య సంఖ్య కూడా మనకు ఆ దారిలోనే వస్తుంది.

ఫోన్ తీసుకుని చూశాను. ఒక కారణం దొరికితే సరిపోతుందనుకున్నాం. ఒకదాని కింద ఒకటి నాలుగు ఉన్నాయి.

మొదటిది, సిమ్. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళ ఫోన్‌లో తరచు రెండు సిమ్‌లు ఉంటాయి: ఒకటి ఇక్కడిది, ఒకటి ఇంటిది. ఇంటి సిమ్‌ను బ్యాంకు మెసేజ్‌ల కోసం ఉంచుకుంటారు. మెసేజ్ పంపడానికి ఏ సిమ్ వాడాలో సెట్టింగ్స్‌లో విడిగా చెప్పాలి. కాల్స్‌కు ఒకటి, ఇంటర్నెట్‌కు ఒకటి, మెసేజ్‌కు ఒకటి. ఆయన ఫోన్‌లో మెసేజ్‌లు ఇండియా సిమ్ మీదికి పోతున్నాయి. దానిలో విదేశంలో వాడే రోమింగ్ ప్యాక్ లేదు. సరే, ఖతర్ సిమ్‌కు మార్చాను. చాలా ఫోన్లలో ఇంత దూరం కూడా వెళ్ళనక్కరలేదు. పంపే బాణం గుర్తు పక్కన 1 అనో 2 అనో చిన్న అంకె ఉంటుంది, దాన్ని చూస్తే తెలుస్తుంది.

మళ్ళీ పంపాం. మళ్ళీ ఎర్ర గుర్తు.

రెండోది, నంబరు. తల్లి నంబరును ఇండియాలో ఉన్నప్పుడు పది అంకెలతో దాచుకున్నారు. ఇండియా సిమ్‌తో ఇండియాలో ఉంటే అది చాలు. ఖతర్ సిమ్‌కు ఆ పది అంకెలు అర్థం కావు. ముందు ప్లస్ గుర్తు, 91, తర్వాత పది అంకెలు ఉండాలి. ప్లస్ గుర్తు ఎక్కడుందని అడిగారు. డయల్ చేసే చోట సున్నా మీద వేలు నొక్కి పట్టుకుంటే వస్తుంది.

ఇక్కడ కాస్త ఆగుతాను, ఇది మీ అందరికీ పనికొస్తుంది. మారిషస్‌కు ప్లస్ 230, దక్షిణాఫ్రికాకు ప్లస్ 27, ఫిజీకి ప్లస్ 679, ఖతర్‌కు ప్లస్ 974. దక్షిణాఫ్రికా నంబరుకు ముందుండే సున్నాను ప్లస్ 27 పెట్టినప్పుడు తీసేయాలి. డర్బన్ పాఠకులు తమ ఇంటివాళ్ళకు ఈ ముక్క చెప్పండి. మారిషస్‌లో 2013లో సెల్ నంబర్లకు ముందు 5 చేర్చి ఎనిమిది అంకెలు చేశారు. అంతకుముందు రాసుకున్న ఏడంకెల నంబరుకు ఈనాడు మెసేజ్ పోదు. ఖతర్‌లో 2010 నుంచి ఎనిమిది అంకెలే. ఇక్కడి సెల్ నంబర్లలో కూడా 5తో మొదలయ్యేవి ఉన్నాయి. అంటే నేను దోహాలో కూర్చుని ఫ్లాక్‌లో ఉన్న మా చెల్లెలి నంబరు ప్లస్ 230 లేకుండా కొడితే, ఆ మెసేజ్ ఆగకపోవచ్చు. ఖతర్‌లోనే ఎవరో తెలియనివారికి హాయిగా పోవచ్చు. ఎర్ర గుర్తు రాదు. మెసేజ్ పోయింది, అందింది, కానీ ఎవరికి? ఎర్ర గుర్తు రావడమే నయం అనిపించే సందర్భం ఇది.

బస్సు హారన్ కొట్టారు. మూడోది త్వరగా చూశాం: డబ్బు. ఆయన ప్యాక్‌లో ఇంటర్నెట్ ఉంది, ఖతర్ లోపల మాట్లాడుకునే నిమిషాలు ఉన్నాయి. విదేశానికి మెసేజ్ మాత్రం ప్యాక్‌లోంచి పోదు, అసలు బ్యాలెన్స్‌లోంచి పోతుంది. అందులో దాదాపు ఏమీ లేదు. ప్యాక్ నిండుగా ఉంటే జేబు నిండుగా ఉన్నట్టే అనుకుంటాం. కొద్దిపాటి రీఛార్జి చేశారు.

నాలుగోది, పొడవు. దీని గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇది తెలుగు రాసేవారి సొంత సమస్య.

ఒక మామూలు మెసేజ్‌లో 140 బైట్ల చోటు ఉంటుంది. బైటు అంటే కంప్యూటర్ లెక్కలో చిన్న గది అనుకోండి. ఇంగ్లిషు అక్షరాలను కాస్త ఒత్తుకుని కూర్చోబెడితే ఆ 140 గదుల్లో 160 పడతాయి. ఈ 160 ఎక్కడి నుంచి వచ్చింది? 1985లో ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ అనే జర్మన్ ఇంజనీరు బాన్ నగరంలో తన ఇంట్లో టైపు మిషను ముందు కూర్చుని, మామూలు వాక్యాలూ ప్రశ్నలూ తోచినట్టు కొట్టి, ఒక్కోదానిలో ఎన్ని అక్షరాలున్నాయో లెక్కపెట్టారు. దాదాపు అన్నీ 160 లోపే వచ్చాయి. చాలు అనుకున్నారు. మొదటి మెసేజ్ 1992 డిసెంబరు 3న ఇంగ్లండులో పోయింది, క్రిస్మస్ శుభాకాంక్ష అది. ఆయన టైపు మిషను మీద తెలుగు వాక్యాలు లేవు కదా.

తెలుగు గుర్తు ఒక్కొక్కటీ రెండు గదులు తీసుకుంటుంది. కాబట్టి 140 గదుల్లో 70 గుర్తులే పడతాయి. ‘అక్షరం’ అనకుండా ‘గుర్తు’ అంటున్నాను, గమనించారా? మనకు కనిపించే ఒక అక్షరం ఫోన్‌కు ఒకటి కాదు. ‘స్త్రీ’ చూడండి. మన కంటికి ఒకే అక్షరం. ఫోన్ లెక్కలో స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం: ఆరు గుర్తులు. ‘అమ్మా’ మనకు రెండు అక్షరాలు, ఫోన్‌కు ఐదు. మందిరంలో గుణింతాలూ వత్తులూ బలపంతో దిద్దినవాళ్ళకు ఇది కొత్తేమీ కాదు. అక్షరాన్ని ముక్కలుగా విడదీసి నేర్చుకున్నాం, ఫోన్ కూడా అలాగే నేర్చుకుంది. నాకైతే ఈ విషయం తెలిసినప్పుడు మా మాస్టారే ఫోన్‌లో కూర్చుని ఉన్నారనిపించింది.

70 దాటితే ఏమవుతుంది? ఫోన్ మెసేజ్‌ను ముక్కలు చేస్తుంది. ఏ ముక్క తర్వాత ఏదో గుర్తుపెట్టుకోవడానికి ప్రతి ముక్కలో కొంత చోటు పోతుంది. అందుకని ముక్కకు 67 గుర్తులే. 71 గుర్తులు రాస్తే రెండు మెసేజ్‌ల డబ్బు. ఒక్క ముక్క దారిలో ఆగినా మొత్తం కనిపించకపోవచ్చు. పాత ఫోన్లలో కొన్ని ముక్కలను విడివిడిగా చూపిస్తాయి. కొన్ని ఫోన్లు మెసేజ్ బాగా పొడవైతే దాన్ని బొమ్మలు పంపే రకం మెసేజ్‌గా మార్చేస్తాయి. దానికి ఇంటర్నెట్ కావాలి, అవతల బొత్తాల ఫోన్ దాన్ని తెరవలేకపోవచ్చు. ఆ సెట్టింగ్ ఉంటే ఆపేయండి.

మన బస్సు సహాయకుడు రాసింది నాలుగు ముక్కల మెసేజ్. అమ్మా ఎట్లున్నవ్ దగ్గర మొదలై, మేక పిల్ల, ఎండలు, పెద్దమ్మ కొడుకు పెళ్ళి, ఆపరేషన్, భయం, దేవుడు, అన్నీ ఉన్నాయి. బ్యాలెన్స్ చూస్తే నాలుగు ముక్కలకు సరిపోదు. కూర్చుని కుదించాం. ఆయన చెప్పారు, నేను లెక్కపెట్టాను. చివరికి ఇలా వచ్చింది:

“అమ్మా, సోమవారం దవాఖానకు పో. పైసలు పంపిన. భయపడకు.”

48 గుర్తులు. ఖాళీలూ చుక్కలూ కూడా కలిపి. (దవాఖాన అంటే ఆసుపత్రి. పైసలు అంటే డబ్బు. ‘పంపిన’ అంటే ‘పంపాను’. నేను ‘ఆసుపత్రికి వెళ్ళు’ అని దిద్దబోయాను. “అట్ల రాస్తే నేను రాసిన అనుకోదు మేడం” అన్నారు. అది నిజం. దిద్దలేదు.)

ఇంకొంచెం చోటు ఉంది కదా, మేక పిల్ల సంగతి అడుగుతానన్నారు. మిగిలినవి 22 గుర్తులు. మేక పిల్ల దానిలో పట్టింది.

ఈ లెక్క ఇంగ్లిషు, ఫ్రెంచి రాసేవారికి కూడా వర్తిస్తుంది. 160 అక్షరాల ఇంగ్లిషు మెసేజ్‌లో ఒక్క నవ్వు బొమ్మ పెట్టి చూడండి, ఆ ఒక్క బొమ్మ వల్ల మొత్తం మెసేజ్ 70 లెక్కలోకి పడిపోతుంది. మా మారిషస్‌వాళ్ళం ఫ్రెంచి రాస్తే అక్షరాల మీద గుర్తులు పెడతాం. వాటిలో పక్కకు వంగిన గీత ఉన్న ‘ఎ’ 160 లెక్కలోనే ఉంటుంది. టోపీ పెట్టుకున్న ‘ఎ’ ఉండదు. ఎందుకీ పక్షపాతమో ఆ పట్టిక తయారుచేసినవారిని అడగాలి. తెలుగుకు కూడా ఒక ప్రత్యేక పట్టిక తర్వాతి ప్రమాణాల్లో చేర్చారు, దానితో ఎక్కువ గుర్తులు పడతాయి. కానీ పంపే ఫోన్, కంపెనీ, అందుకునే ఫోన్, మూడూ దాన్ని వాడాలి. అందుకే అది కాగితం మీదే ఎక్కువగా ఉండిపోయింది. మీరు 70నే నమ్ముకోండి.

అయితే తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తే పోదా, 160 పడతాయి కదా అని మీరు అడుగుతారు. అడిగారు కూడా. అత్యవసరమైతే రాయండి, నేను కోప్పడను. కానీ ఈ మెసేజ్ సంగతే చూడండి. కె, ఏ, రెండు ఎల్‌లు, యు అని ఐదు ఇంగ్లిషు అక్షరాలు కొట్టి పక్కన నొప్పి అని రాస్తే ఏమిటి నొప్పి? కళ్ళా, కాళ్ళా? ఒక్కోసారి కల్లు కూడా కావచ్చు, అది తాగేది. తెలుగు అక్షరాల్లో ఈ మూడూ మూడు రకాలు. కంటి ఆపరేషన్ రోజున తేడా తెలియాలి.

అవతలి ఫోన్ తెలుగు అక్షరాలు చూపించగలదా అన్నది ఇంకో ప్రశ్న. పాత బొత్తాల ఫోన్లలో తెలుగు మెసేజ్ వస్తే వరసగా గళ్ళు కనిపించేవి. మెసేజ్ అందినట్టే, చదవడానికి మాత్రం ఏమీ ఉండదు. భారతదేశంలో అమ్మే ఫోన్లన్నీ 22 భారతీయ భాషల లిపులను చూపించగలగాలని అక్కడి ప్రభుత్వం 2016లో ఉత్తర్వు ఇచ్చింది. అందువల్ల ఆ తర్వాత కొన్న చిన్న ఫోన్లలో కూడా తెలుగు చదవగలగాలి. ఈ తల్లి ఫోన్ కొత్తదే, ఇంతకుముందు మెసేజ్‌లు చదివించుకున్నారు. కాబట్టి ఆ చింత లేదు.

పెద్ద ఫోన్లు మన అక్షరాలన్నిటినీ క్షేమంగా మోస్తాయనుకోకండి. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ప్రపంచమంతా ఐఫోన్లను పడగొట్టింది. ‘జ్ఞా’. జ్ఞానంలోని జ్ఞా, అంటే తెలివిలోని మొదటి అక్షరం! దాని మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు చేరినప్పుడు, ఐఓఎస్ 11.2.5 ఉన్న ఫోన్ ఆ అక్షరాన్ని గీయలేక మెసేజ్ యాప్‌ను మూసేసేది. తెరిస్తే మళ్ళీ మూసుకునేది. ఆకతాయిలు దాన్ని సరదాకి ఒకరికొకరు పంపుకున్నారు. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న 11.2.6 విడుదల చేసి సరిచేసింది. మా క్లాసులో ఫ్రెంచి నేర్చుకునే పిల్లలకు తెలుగు అనే భాష ఒకటుందని నేను చెప్పకుండానే తెలిసిన వారం అది. ఫోన్ ‘అప్‌డేట్ చేయి’ అని అడిగితే వాయిదా వేయకండి అని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నా దగ్గర లేదు.

గురువారం సాయంత్రానికి ఆ 48 గుర్తులూ, మేక పిల్లా పోయాయి. ఎర్ర గుర్తు లేదు. బస్సు కదిలింది. కానీ నేను ఆయన ఫోన్‌లో ‘డెలివరీ రిపోర్టు’ అనే సెట్టింగ్ ఆన్ చేసి పెట్టాను. దాన్ని ఆన్ చేస్తే, మెసేజ్ అవతలి ఫోన్‌కు చేరినప్పుడు కబురు వస్తుంది. అన్ని దేశాల మధ్యా ఈ కబురు నమ్మకంగా రాదు, అయినా ఉంచడం మంచిది. శుక్రవారం ఇక్కడ సెలవు. ఆయన ఫోన్ చేశారు: “మేడం, పోయింది అంటది. అందింది అంటలేదు.”

మన మెసేజ్ నేరుగా అవతలి ఫోన్‌కు పోదు. ముందు కంపెనీవారి మెసేజ్ సెంటర్‌కు పోతుంది. పోస్టాఫీసు అనుకోండి. అవతలి ఫోన్ ఆపి ఉన్నా, సిగ్నల్ లేకపోయినా, ఆ పోస్టాఫీసు మెసేజ్‌ను దాచి ఉంచి, మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది. కొన్ని గంటలో కొన్ని రోజులో, కంపెనీ పెట్టుకున్న గడువు వరకు. ఆ తర్వాత పారేస్తుంది. ఆ పోస్టాఫీసు నంబరు మన సిమ్‌లో రాసి ఉంటుంది. అది చెరిగిపోతే ఒక్క మెసేజ్ కూడా ఎవరికీ పోదు, కాల్స్ మాత్రం బాగానే ఉంటాయి. అలాంటి లక్షణం కనిపిస్తే ఐఫోన్‌లో *#5005*7672# కొట్టి కాల్ బటన్ నొక్కితే ఆ నంబరు చూపిస్తుంది. ఎవరో చెప్పిన నంబరు అక్కడ పెట్టకండి. కంపెనీ దుకాణంలో అడిగి సరిచేయించుకోండి.

ఇక్కడ మాత్రం పోస్టాఫీసు పని చేస్తోంది, ఇంటి తలుపే మూసి ఉంది. శనివారం బావ లారీ దిగి ఇల్లు చేరాక, ఈయన ఆయనకు ఫోన్ చేసి అత్తగారి ఫోన్ చూడమన్నారు. అక్క కూతురు తెరిచి చూసింది. మెసేజ్‌లు దాచే చోటు నిండిపోయి ఉంది. అన్నీ ప్రకటనలే: రీఛార్జి చేసుకోండి, లోన్ తీసుకోండి, పాట పెట్టుకోండి. చిన్న ఫోన్లలో చోటు తక్కువ. నిండితే కొత్తది లోపలికి రాదు. ఆ పిల్ల వరసగా చెరిపేయడం మొదలుపెట్టింది. చోటు ఖాళీ అయిందని ఫోన్ తనంతట తాను పోస్టాఫీసుకు చెబుతుంది. కాసేపటికి కొడుకు మెసేజ్ వచ్చింది. పిల్ల అమ్మమ్మ చెవి దగ్గర గట్టిగా చదివింది. ఇదంతా బావ ఫోన్‌లోంచి ఈయనకు వినబడుతూనే ఉందట. సోమవారం ఆమె కరీంనగర్ వెళ్ళారు. మేక పిల్ల బాగుంది.

ఈ సంగతి రాస్తున్నప్పుడు మా ముత్తాత కాగితం గుర్తొచ్చింది. మోకాలో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో మన పెద్దల వలస పత్రాలు ఉన్నాయి, మీలో చాలామంది అక్కడికి వెళ్ళి నకలు తెచ్చుకున్నవారే. ఓడ పేరు, వచ్చిన నంబరు, వదిలిన ఊరు ఉంటాయి. మా ఇంట్లో ఆ కాగితం ఉంది. ఆ ఊరి నుంచి వచ్చిన ఉత్తరం ఒక్కటీ లేదు. ఆయన రాశారా? రాయడం వచ్చా? రాయించి పంపితే, అక్కడ చదివి చెప్పే అక్క కూతురు ఉందా?

ఇంకా మిగిలిన చిన్న విషయాలు త్వరగా చెబుతాను. మెసేజ్ పోనప్పుడు మొదట చేయవలసింది సులువైనదే: విమానం బొమ్మ నొక్కి, పది సెకన్లు ఆగి, తీసేయండి. అప్పటికీ కాకపోతే ఫోన్ ఆపి తెరవండి. సగం రోగాలు ఇక్కడే పోతాయి (ఇక్కడ ‘పోతాయి’ అంటే తగ్గుతాయి, నాలుగో అర్థం!). ఎర్ర గుర్తు చూసి కోపంతో మళ్ళీ మళ్ళీ నొక్కకండి. సిగ్నల్ వచ్చాక అవన్నీ వరసగా పోయి, ఒకే మెసేజ్ ఐదుసార్లు అందుతుంది, ఐదుసార్లు డబ్బు పోతుంది.

ఐఫోన్‌వాళ్ళు నీలం, ఆకుపచ్చ రంగులు చూస్తారు. నీలం ఇంటర్నెట్ మీద పోయేది, ఆకుపచ్చ మామూలు మెసేజ్. ఇంటర్నెట్ లేని చోట నీలం ఆగిపోతే ఆకుపచ్చగా పంపడానికి సెట్టింగ్స్‌లో మెసేజెస్ కింద ‘సెండ్ యాజ్ టెక్స్ట్ మెసేజ్’ ఆన్ చేయండి. ఆండ్రాయిడ్‌లో ‘ఆర్‌సీఎస్ చాట్స్’ అనేది కూడా ఇలాంటిదే. అవతలివారి ఇంటర్నెట్ అయిపోతే మన మెసేజ్ ఒక్క టిక్కుతో వేలాడుతూ ఉంటుంది. దానిమీద వేలు నొక్కి పట్టుకుంటే మామూలు మెసేజ్‌గా పంపే అవకాశం కనిపించాలి. ఐఫోన్ వదిలి వేరే ఫోన్‌కు మారేవాళ్ళు ముందే ‘ఐమెసేజ్’ ఆపేయాలి. లేకపోతే ఐఫోన్ స్నేహితులు పంపేవి పాత దారిలోనే పోతూ ఉంటాయి, మీకు అందవు.

దుకాణంలో కుర్రాడు “మొత్తం రీసెట్ చేద్దాం” అంటే ఫోన్ వెనక్కి తీసేసుకోండి. ఫోటోలన్నీ పోతాయి. ప్లస్ గుర్తు లేని నంబరు మాత్రం రీసెట్ తర్వాత కూడా ప్లస్ గుర్తు లేకుండానే ఉంటుంది. ‘మెసేజ్ బాగుచేసే యాప్’ అని కనిపించేవి కూడా వద్దు. అవి మీ మెసేజ్‌లన్నీ చదవడానికి అనుమతి అడుగుతాయి, బ్యాంకు సంఖ్యలతో సహా.

ఈ నెల అభ్యాసం. ముందు ‘పెద్దమ్మ వచ్చింది’ అన్న రెండు మాటలను ఫోన్‌లాగా లెక్కపెట్టండి. మధ్య ఖాళీతో కలిపి 17 రావాలి. రాకపోతే పొల్లులు మళ్ళీ చూడండి, ప్రతి వత్తుకూ ముందు ఒక పొల్లు దాక్కుని ఉంటుంది. తర్వాత తెలుగు చదవగలిగిన ఒక పెద్దవారిని ఎంచుకుని, 70 గుర్తులు దాటకుండా తెలుగు అక్షరాల్లో ఒక మెసేజ్ రాయండి. అందులో ఒక ప్రశ్న ఉండాలి, జవాబు రావాలి కదా. దేశం సంఖ్య సరిచూసి పంపండి. జవాబు వస్తే ఆ రెండు మెసేజ్‌లూ కాగితం మీద రాసి నాకు పంపండి. రాకపోతే ఎక్కడ ఆగిందో కనిపెట్టి అది రాయండి: పంపడం దగ్గరా, పోవడం దగ్గరా, అందడం దగ్గరా?